గిన్నె ముందు దొరగారు

మా ఆయన కుక్కలకు శిక్షణ ఇచ్చేవారు. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట, క్రమశిక్షణ. అర్థం మాత్రం ఎదుటివాళ్లను బట్టి మారిపోయేది. కుక్కకైతే చెప్పేదాకా ఆగడం. కొడుక్కైతే బెల్టు. నాకైతే ఎదురు చెప్పకపోవడం. ఆయనకు మాత్రం పొద్దున్నే బూట్లకు పాలిష్ పెట్టుకోవడం, అంతే!

ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, దొరగారూ. దొరగారంటే ఆయన చివరిగా పెంచిన కుక్క. ఎవరైనా విషం పెడతారేమోనని, తను "ఊఁ, కానియ్" అంటే తప్ప గిన్నె ముట్టకుండా నేర్పారు. తను లేని రోజు ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. మహా తెలివి!

మాంసం ఉడికించి పెట్టాను. "ఊఁ, కానియ్" అన్నాను. బతిమాలాను, తిట్టాను, ఆయన చొక్కా తొడుక్కుని మరీ అన్నాను. దొరగారు చొంగ కారుస్తూనే నన్ను దాటి గుమ్మం వైపు చూసేవారు. డొక్కలు ఎండిపోయాయి. పశువుల డాక్టరు సెలైన్ ఎక్కించి, "నోటితో తినకపోతే దక్కదమ్మా" అన్నాడు. ఇదీ పోతే ఈ ఇంట్లో ఊపిరి చప్పుడు నాదొక్కటే. నాకు భయమేసింది.

అబ్బాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. బెల్టు దెబ్బలకు విసిగి ఎప్పుడో ఇల్లు వదిలినవాడు. తండ్రి అంత్యక్రియలకు వచ్చి, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

"ఒక్కసారి మీ నాన్నలా కానియ్ అనరా."

"నేనా? ఆయనలాగానా? మతి పోయిందా అమ్మా నీకు?"

"దణ్ణం పెడతానురా. చచ్చిపోయేలా ఉంది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి గిన్నె పక్కన ఉంచాను.

"ఊఁ! కానియ్!"

నా ఒళ్లు ఝల్లుమంది. అచ్చం ఆయనే. దొరగారు గిన్నెలో మూతి పెట్టేశారు.

"తింటోందా?" వాడి గొంతు సన్నబడిపోయింది.

"తింటోంది నాన్నా."

"ఆయన గొంతు మాత్రం నాకు రాకూడదనుకున్నానమ్మా."

అయినా నాకు ఆశ ఆగలేదు. "పూటపూటకీ ఇలాగే ఫోన్ చెయ్యరా. దాని కోసమే."

"రోజూ ఎక్కడ కుదురుతుంది? రికార్డు చేసి పంపిస్తాలే."

పంపాడు. పూటపూటకీ అది వినిపిస్తాను. దొరగారు తింటారు. గిన్నె కడిగి బోర్లించి, నాకింత వడ్డించుకుని కూర్చుంటాను. ఇంకోసారి నొక్కి, అది విన్నాకే ముద్ద నోట్లో పెట్టుకుంటాను.