అంగారకుడి మీద అమావాస్య

జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టున్న శ్రీమన్నారాయణ, కందిపప్పు తూచే చేత్తోనే ఓ అంతరిక్ష నవల రాసి పారేశాడు. అందులో ముక్త్యాల దగ్గర ఎగిరిన రాకెట్ అరపూటలో అంగారకుడి మీద దిగుతుంది. దారిలో టిఫినుకి ఆగుతుంది కూడా. అక్కడ హీరో ఓంకార్ కిరాణా కొట్టు పెట్టి గ్రహాన్నంతా గుప్పిట్లో పెట్టుకుంటాడు.

అంతా బాగానే ఉంది గానీ, బెజవాడ పబ్లిషరు మెలిక పెట్టాడు. నందిగామ సైన్సు మాస్టారు వరప్రసాదరావు ముందుమాట రాస్తేనే అచ్చేస్తాడట. సైన్సు నవలన్నాక అందులో సైన్సు తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలట!

శ్రీమన్నారాయణ కిలో జీడిపప్పు పట్టుకుని నందిగామ బస్సెక్కాడు. మాస్టారు జీడిపప్పు లోపల పెట్టించి, అప్పటికే చదివి ఉంచిన నవల కాగితాలు బయటికి తీశాడు.

"రాకెట్ టిఫినుకి ఆగిందన్నావు, కల్పన కదా అని ఊరుకున్నా. ఈ అమావాస్య గోలేంటయ్యా?"

"ఆ రోజు ఓంకార్ కొట్టు తియ్యడండి. మా తాతగారి నాటి పట్టింపు."

"అంగారకుడికి చందమామలు రెండు. ఏ చందమామ అమావాస్య?"

శ్రీమన్నారాయణ కాగితాల్లోకి తొంగి చూశాడు. "పెద్దదానిదేనండీ..."

"అది రోజుకి మూడుసార్లు చుట్టొస్తుంది. పూటకో అమావాస్య. చిన్నదాన్ని పట్టుకున్నా దాదాపు రోజుకొకటి. మీవాడు పప్పు అమ్మేదెప్పుడు? ఆ పట్టింపు కొట్టెయ్, ముందుమాట ఇప్పుడే రాసిస్తా."

కొట్టేస్తే? అమావాస్యనాడు షట్టరెత్తిన హీరోని పెట్టుకుని పేట బజార్లో తలెత్తుకు తిరగొద్దూ! మెరుపులాంటి ఆలోచన వచ్చి, కొట్లో కూర్చున్న భార్య కన్యకాపరమేశ్వరికి ఫోన్ కొట్టాడు. స్పీకర్లో పెట్టాడు, మాస్టారు కూడా విని తరించాలని.

"ఏమేవ్, చందమామలు రెండిటినీ బాంబులెట్టి పేల్చేస్తున్నా. పీడా పోద్ది!"

"చందమామే లేకపోతే రోజూ అమావాస్యే కదండీ! మతుండే రాస్తున్నారా? ఇక్కడ బేరాలున్నాయి, పెట్టెయ్యండి."

మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. శ్రీమన్నారాయణ మాత్రం నవ్వలేదు. మాస్టారి పెన్నే అడిగి తీసుకుని, ఓంకార్ కొట్టు మూయించి వాడికి అంగారక మండలాఫీసులో గుమాస్తా ఉద్యోగం వేయించాడు.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. గవర్నమెంటాఫీసు. ఎప్పుడు తీస్తారని ఏ గ్రహంలోనైనా ఎవడైనా అడుగుతాడా?"

ముప్పై ఏళ్లు సర్కారు జీతం తిన్న మాస్టారు పెన్ను వెనక్కి తీసుకుని, ముందుమాట మొదలెట్టాడు: "ఈ నవలలో శాస్త్రానికి నిలబడే విషయం ఒకటుంది..."