బోరింగు దారి

వాకిలి మట్టం చేయిస్తే భార్య సాయిదుర్గ మస్కట్టు నుంచి వచ్చేస్తుందని వీరబాబు నమ్మకం. ఇలాంటి నమ్మకాలు పైకి చెబితే జనం నవ్వుతారు కాబట్టి, ఎవరడిగినా బురద కోసమని చెప్పేవాడు.

బురదంటే అలాంటిలాంటి బురద కాదు. పి.గన్నవరం పక్క నల్లమట్టి, నాలుగు చినుకులు పడితే కాలి చెప్పు లాగేసుకుంటుంది. సాయిదుర్గ మస్కట్టులో వంటపనికి బయల్దేరిన రోజు, కొత్త చీర కట్టుకుని గుమ్మం దిగిందో లేదో జర్రున జారి కూర్చుంది. చీర మార్చుకునే టైము లేదు. బురద కుచ్చిళ్ళతోనే మొగుడి ఆటో ఎక్కి, తిరిగొచ్చేసరికి ఈ బురదుంటే మాత్రం లోపలికి రానంది. నవ్వుతూనే అంది. వీరబాబు ఆ మాటని మొక్కులా మనసులో పెట్టుకున్నాడు.

ఆ మాటకు నాలుగేళ్ళు. మధ్యలో ఒకసారి కాంట్రాక్టు పొడిగించారు. పెంకుటిల్లు పోయి శ్లాబు వచ్చింది, మోటారు వచ్చింది, వంటింట్లోకి కుళాయి వచ్చింది. రావలసిన మనిషి మాత్రం ఫోనులోనే ఉండిపోయింది. అయినా ఇంటికొచ్చినప్పుడు గేటు దగ్గర హారను కొట్టే అలవాటు వీరబాబుకు పోలేదు. అది విని అన్నం వడ్డించే మనిషి లోపల లేదని తెలిసీ కొట్టేవాడు. కొట్టి, తాళం తనే తీసుకునేవాడు.

ఈ కాంట్రాక్టు కూడా అయిపోవస్తోంది. అందుకే వేసవిలో, పేవర్ బ్లాకులు పరిచే మేస్త్రి శివనాగరాజుని పిలిచాడు. పై నల్లమట్టి తీసేసి, గ్రావెలు పోసి తడిపి, దిమ్మిస మిషనుతో కొట్టాలన్నాడు మేస్త్రి. దాని మీద రాతిపొడి పరిచి, తాడు కట్టి, రసమట్టం పెట్టి చూసుకుంటూ బ్లాకులు వెయ్యాలి. నీళ్ళు గేటు వైపు పోయేలా కాస్త వాటం ఉంచాలి.

అంతా బాగానే తవ్వారు. గుమ్మం నుంచి గేటు పక్కనున్న బోరింగు దాకా ఒక్క పట్టీ మాత్రం పలుగు వేస్తే ఖంగుమంది. వీరబాబు పరుగున వచ్చి పలుగు పట్టుకున్నాడు. అది సాయిదుర్గ నడిచిన దారి. మోటారు లేని రోజుల్లో బోరింగు కొట్టి, బిందెలు మోసి, తిరిగి తిరిగి ఆ మట్టిని రాయి చేసింది. అన్నేళ్ళలో వీరబాబు ఒక్క బిందె ఎత్తిన పాపాన పోలేదు.

"గట్టిగానే ఉంది కదండీ. దాని జోలికెందుకు?" అన్నాడు.

"వాకిలంతా ఒకేలా కుదరాలండి. ఒకచోట గట్టి, ఒకచోట మెత్తనైతే మెత్తనిది దిగిపోద్ది, గట్టిది లేచి కూర్చుంటాది," అన్నాడు శివనాగరాజు.

వీరబాబు ససేమిరా అన్నాడు. కారణం చెప్పలేదు. ఈ ఇంట్లో ఆమె కాలి గుర్తు ఇదొక్కటే మిగిలిందని మేస్త్రికి ఎలా చెబుతాడు? ఇల్లు మీది, ఇష్టం మీదన్నాడు శివనాగరాజు, కొంచెం మొహం మాడ్చుకునే.

బ్లాకులు పరిచాక వాకిలి పెళ్ళిపందిరి వేసుకోవచ్చన్నట్టు తయారైంది. ఫోనులో చూసి సాయిదుర్గ మురిసిపోయింది. ఆ తర్వాత మెల్లగా, ఇక్కడి మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమంటోంది, మీరేమంటారని అడిగింది. వద్దు, వచ్చెయ్ అనే మాట వీరబాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె రెక్కల కష్టంతో లేచిన ఇంట్లో కూర్చుని, పని మానుకుని రమ్మని ఏ మొహం పెట్టుకుని అనడం? నీ ఇష్టం అన్నాడు. వచ్చే శుక్రవారం మేడమ్‌కి మాట చెప్పాలంది, ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి గాలివాన కుమ్మేసింది. తెల్లారేసరికి మేస్త్రి మాట అక్షరాలా నిజమైంది. గ్రావెలు పోసినచోటల్లా బ్లాకులు దిగిపోయాయి. మధ్యలో సాయిదుర్గ దారి మాత్రం పొలం గట్టులా లేచి నిలబడింది. వాన వెలిశాక రోహిణి ఎండలు మొదలయ్యాయి. రోళ్ళు పగిలే ఎండల్లో వీరబాబు రోజూ గుమ్మంలో కూర్చుని ఆ గట్టు చూసుకునేవాడు. కోప్పడాల్సింది పోయి, అది కనబడుతున్నందుకు లోలోపల సంతోషపడ్డాడు కూడా. ప్రేమ ముదిరితే బుద్ధి అలాగే పనిచేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం సాయిదుర్గ ఫోను చేసి వాకిలి చూపించమంది. వీరబాబు ఫోను అటు తిప్పీ తిప్పకుండా తిప్పాడు. ఆమె కళ్ళకు దొరకనిదంటూ ఉంటుందా?

"మధ్యలో ఆ గట్టేంటండీ?"

"నువ్వు నీళ్ళు మోసిన దారి. పగలగొడతానంటే నేనే వద్దన్నాను." ఫోను తనవైపు తిప్పుకున్నాడు. "అదీ పోతే నాకిక్కడ ఏం మిగులుద్ది సాయిదుర్గా? నువ్వు లేకపోతే నాకు బాలేదు. వచ్చెయ్."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"నాలుగేళ్ళయిందండి, ఆ మాట మీ నోట రాలేదు. రమ్మనకపోతే నా అవసరం లేదేమో అనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ గట్టు తీయించెయ్యండి. వెళ్ళేటప్పుడు బురదలో పడ్డాను. వచ్చేటప్పుడు రాయి తగిలి పడమంటారా?"

సాయంత్రం కబురందుకుని శివనాగరాజు వచ్చేసరికి, వీరబాబు ఆ వరస బ్లాకులన్నీ ఒక్కడే తీసి గోడవారకు పేర్చేశాడు. ఎండకు ఆ పట్టీ పలుగు దిగనంటోంది. తడిపితే గాని లాభం లేదన్నాడు మేస్త్రి. కరెంటు లేదు, మోటారు ఆడదు.

వీరబాబు అటక మీది ఇత్తడి బిందె దించాడు. బోరింగు కొట్టి నింపి, భుజాన పెట్టుకుని, సగం నీళ్ళు ఒంటి మీదే ఒంపుకుంటూ ఆ దారి వెంట నడిచాడు. గంటలో కరెంటు వస్తుంది కదండీ, ఆగొచ్చు కదా అన్నాడు శివనాగరాజు. వీరబాబు ఆగలేదు. ఆ బిందె ఒంపేసి, ఇంకో బిందెకు బోరింగు దగ్గరికి వెళ్ళాడు.