సూదిమొన దగ్గర పుట్టిన మాట

పెళ్లయిన కొత్తలో రేవతికి అన్నీ ముద్దొచ్చేవి. ఇందుకూరుపేట రోడ్డు పక్క రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లను వెండిపూలలా చిమ్ముతుంటే కారు ఆపించి మరీ చూసింది. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి చెంపకు తగిలితే కళ్లు అరమూసుకుంది. భర్త హరినాథ్ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తుంటే అదీ ముచ్చటగానే తోచింది. ఆ మత్తులో, తాము వెళ్తున్నది తన ముక్కు కుట్టించడానికన్న సంగతే మరిచిపోయింది.

గుర్తొచ్చేసరికి అరచేతులు చల్లబడ్డాయి.

పుట్టింట్లో రెండుసార్లు కంసాలి ముందు కూర్చుని, రెండుసార్లూ లేచి పారిపోయిన పిల్ల ఆమె. పెళ్లిలో పెట్టుకున్న క్లిప్పు ముక్కుపుడక బంతిలో జారి సాంబారులో పడింది. అది చూసిన హరినాథ్ నాయనమ్మ రాఘవమ్మ, ఇంటికొచ్చాక తన పాత పెట్టెలోంచి ఎర్రరాళ్ల ముక్కు బేసరి తీసి చూపించింది. కుట్టించుకుంటే అది రేవతిది. లేదంటే కరిగించి మనవడికి ఉంగరం. ఆ రోజు నుంచి రేవతికి కలలో కూడా ఆ రాళ్లే.

"ఉంగరం కొలత ఇచ్చి రానా?" అన్నాడు హరినాథ్, దుకాణం ముందు కారు ఆపి.

"మీరు ఇక్కడే కూర్చోండి. మీ నవ్వు చూస్తే నా ధైర్యం జారిపోతుంది."

లోపల కంసాలి హజరత్తయ్య బంగారు తీగ మొనను సాన పెడుతున్నాడు. రేవతి స్టూలు మీద కూర్చుంది. కారులో తోడొచ్చిన రాఘవమ్మ పక్కనే నిలబడింది.

"ఏంది పాపా, వణకతా ఉండావు?" అంది రాఘవమ్మ.

"థ్రిల్లు, అవ్వా."

భయమేస్తే రేవతికి మాటలు ఎక్కువవుతాయి. ఎమ్మే ఇంగ్లీషులో చదివినదంతా పైకొచ్చింది. "వెనకటి ఇంగ్లీషులో థ్రిల్ చేయడమంటే పొడిచి రంధ్రం చేయడం. ముక్కు రంధ్రాన్ని నాస్ట్రిల్ అంటారు గదా, దాని చివర ఉండేది ఈ మాటే. ఈటె ఒంట్లో దిగినా థ్రిల్లే. తర్వాత భయం గానీ సంతోషం గానీ మనిషిలోకి అట్లా దూసుకుపోతే దానికీ అదే మాట వాడినారు. ఇప్పుడు ఈటె పోయి, జలదరింపు మిగిలింది."

హజరత్తయ్య సాన ఆపాడు. "అయితే ఇంగ్లీషోళ్లు ముక్కు కుట్టించుకునేవాళ్లా?"

"అప్పట్లో లేదనుకుంటా."

"మాట పెట్టుకున్నారు గానీ ముక్కుపుడక పెట్టుకోలేదా, పాపం," అంది రాఘవమ్మ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే హజరత్తయ్య ఆమె గడ్డం పట్టుకున్నాడు. తీగ మొన కంటికింద మెరిసింది. మరుక్షణం రేవతి గడప దగ్గర ఉంది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. బేసరి ఇక కొలిమిలోకే.

వెనక స్టూలు కిర్రుమంది.

"నాకు కుట్టు, హజరత్తా."

"నీకా అక్కా?"

"మీ బావ పోయినప్పుడు తీసినారు. పూడిపోయింది. ఆ పిల్ల చెప్పింది ఇన్నాక నాకూ మనసైంది."

"ఊళ్లో ఏమన్నా అంటారేమో."

"ముక్కు నాది. నోళ్లు వాళ్లవి. కుట్టు."

తీగ దిగింది. రాఘవమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ముడతల వెంట ఒక కన్నీటి చుక్క జారింది. కళ్లు తెరిచేసరికి ఆ ముసలి ముఖంలోంచి, ఎన్నాళ్లుగానో లోపలే నిద్రపోయిన పడుచుపిల్ల మెల్లగా తొంగిచూసింది. రేవతి కలలో నడిచినట్టు దగ్గరికొచ్చింది.

"నొప్పి పుట్టిందా అవ్వా?"

"పుట్టింది. అబద్ధమెందుకు."

ఇంతకాలం అందరూ రేవతికి చీమ కుట్టినట్టుంటుందనే చెప్పారు. ఆమె ఎప్పుడూ నమ్మలేదు. ఈ ఒక్క నిజం కాళ్లకు బలమిచ్చింది. స్టూలు మీద కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకుంది.

"కుట్టండి."

ఒక సన్నటి వెలుగుగీత ముక్కు నుంచి నడినెత్తికి పాకింది. లోకమంతా కాసేపు బంగారురంగు నీళ్లలో ఊగింది. నొప్పే. నిజంగా నొప్పే. అయినా ఆమెకు నవ్వొచ్చింది.

రాఘవమ్మ బేసరిని అరచేతిలో పెట్టుకుని చూసింది. "మానినాక ఎవురు పెట్టుకునేది?"

"వంతులేసుకుందాం అవ్వా."

హజరత్తయ్య చిన్న అద్దం అందించాడు. అందులో రెండు ముఖాలు పట్టలేదు. నువ్వు జరుగంటే నువ్వు జరుగని ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకుంటూ ఉండిపోయారు.