దుమ్ము కింద తీసేసిన మొహం

నేను ఒక నలుపు తెలుపు నెగిటివ్‌ని. అగ్గిపెట్టెంత కూడా ఉండను. నా ఒంటి మీదవి రంగులు కావు, వెండి రవ్వలు. నాలో వెలుగు నల్లగా, చీకటి తెల్లగా కనిపిస్తాయి. లోకం నడుస్తున్న తీరూ అదే, మనుషులు ఒప్పుకోరంతే.

నెల్లూరు జిల్లా అభ్రకం గనుల్లో సమ్మె జరిగిన రోజు, ఫోటోలు తీసే మస్తాన్ గోడ చాటున నక్కి నన్ను తీశాడు. గని యజమాని జీపు లోపల, వెనక సీటు మీద, టార్పాలిన్ నీడలో ఒక మొహం. కూలి పెంచలయ్యది. ఆ తరవాత అతన్నెవరూ చూడలేదు. "వాడసలు మా జీపే ఎక్కలేదు" అన్నాడు యజమాని. ఎక్కాడనడానికి సాక్ష్యం నేనొక్కదాన్నే. నాలో ఆ మొహం ఆవగింజంత నల్లచుక్క.

మస్తాన్ చనిపోయే ముందు నన్ను పెంచలయ్య భార్య చెంగమ్మ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లకి విచారణ మొదలైంది, పెద్ద ఫోటో కావాలన్నారు. ఆమె నన్ను స్టూడియోకి తెచ్చింది.

"ఎంత దుమ్ము, ఎన్ని గీతలు!" అంటూ స్టూడియో కుర్రాడు సుధీర్ స్కానర్లో దుమ్ము తీసే మీట నొక్కాడు. రంగు ఫిల్ముకి చేసిన మీట అది. కంటికి కనపడని వెలుగొకటి పంపుతుంది. రంగులు దాన్ని పోనిస్తాయి, దుమ్ము ఆపుతుంది. ఆగిన చిన్న చుక్కనల్లా దుమ్మేననుకుని యంత్రం పూడ్చేస్తుంది. వెండి కూడా ఆపుతుందని వాడికెవరూ చెప్పలేదు. వాడూ అడగలేదు.

"చూడు పెద్దమ్మా, కడిగిన ముత్యంలా వచ్చింది."

"జీపు బాగుంది నాయనా. మా ఆయన యాడ?"

"అక్కడేదో మరకుంటే మిషనే తీసేసింది."

"మరకంటావా! నీ మిషను కూడా యజమాని మనిషేనా? ఆ దుమ్మంతా మళ్లీ పెట్టు!"

మీట ఆపి మళ్లీ తీశాడు. గీతలు, గరుకు, వాటి నడుమ పెంచలయ్య. నోరు తెరిచి అరుస్తున్నాడు. సుధీర్ రెండు ఫోటోలూ ఒకే కవర్లో పెట్టిచ్చాడు.

విచారణలో యజమాని వకీలు రెండూ పక్కపక్కన పెట్టాడు. "శుభ్రమైన దాంట్లో మనిషి లేడు. మురికిదాంట్లో ఉన్నాడు. ఏది నమ్ముతారు అయ్యా?"

నెగిటివ్‌ని పరీక్ష చేయిస్తే తేలుతుందన్నాడు అధికారి. నన్ను కవర్లో పెట్టి, లక్క ముద్రేసి, విచారణ ఆఫీసులో కారే కప్పు కింద బీరువాలో పడేశారు. మూడు వానాకాలాలు పోయాయి. చెంగమ్మ ప్రతి సోమవారం గుమ్మంలో నిలబడి అడుగుతుంది. "పని మీదే ఉన్నాంలేమ్మా" అంటారు.

ఇక్కడ పని మీదున్నది బూజొక్కటే. అంచున మొదలెట్టి జీపు చక్రం దాటింది. ఇప్పుడు టార్పాలిన్ నీడలోకి పాకుతోంది.