తొమ్మిది లక్షల సంతకం

మా తమ్ముడు చనిపోయిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: మేకులు, పెయింట్లు, పైపులు అమ్మే కొట్టు; ఎదురుగా బిల్డింగు కడుతున్న కాంట్రాక్టరుతో ఆరేళ్ళ బేరసారాలు; నేను కళ్ళారా చూసిన ఒక సంగతి.

ఆ సంగతి ఇది. పరంజా విరిగి ముగ్గురు తాపీ పనివాళ్ళు ఏడో అంతస్తు నుంచి పడ్డారు, వాళ్ళలో మా తమ్ముడొకడు. నేను రోడ్డు దాటి పరుగెత్తేసరికే తమ్ముడిలో ఊపిరి లేదు. అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సూపర్‌వైజరు స్టోరు నుంచి మూడు కొత్త సేఫ్టీ బెల్టులు తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్లు పళ్ళతో చింపి, శవాల నడుములకు బిగించాడు. తమ్ముడి వంతు వచ్చినప్పుడు నన్ను కాస్త జరగమన్నాడు. జరిగాను.

చుట్టూ నలభై మంది కూలీలు నిలబడి చూశారు. ఎవరూ నోరెత్తలేదు. మర్నాటి హాజరు ఆ సూపర్‌వైజరు చేతిలో ఉంది.

మూడోనాడు కాంట్రాక్టరు కబురు పెట్టాడు. మా మరదలికి మూడు లక్షలు ఇస్తానన్నాడు. ఎదుటివాడి అవసరం కనిపెట్టడమే నా వృత్తి. కవర్లు చింపడం చూశానని ఒక్క మాట అని ఊరుకున్నాను. టీ తెప్పించాడు. ఐదన్నాడు. టీ చల్లారేలోపు ఏడయింది. తొమ్మిది దగ్గర కాగితం ముందుకు తోశాడు. బెల్టులు కట్టుకున్నా, వాటి కొక్కేలు పనివాళ్ళే విప్పేసుకున్నారని అందులో రాసి ఉంది. చదివే సంతకం పెట్టాను. మరదలు నన్ను నమ్మి, చదవకుండా పెట్టింది. పోయినవాడు ఎలాగూ రాడు, పిల్లల చదువైనా గడుస్తుందనుకున్నాను. బేరం గెలిచిన మనిషిలాగే ఇంటికి నడిచాను.

మిగతా రెండు కుటుంబాలు సంతకం పెట్టలేదు. కోర్టులో కేసు వేశాయి. నెల తిరిగాక కూలీల సంఘం ఆఫీసులో మీటింగు పెట్టి మమ్మల్నీ రమ్మన్నారు. రేకుల గదిలో కుర్చీలు చాలక సగం మంది కూలీలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ కుటుంబాల తరఫు వకీలమ్మ విడమరిచి చెప్పింది. యజమాని తప్పు వల్ల పనిలో మనిషి పోతే భార్య, పిల్లలు, తల్లిదండ్రులు పరిహారం అడగవచ్చు. అది ప్రాణానికి కట్టే వెల కాదు, అతని మీద ఆధారపడ్డవాళ్ళు పోగొట్టుకున్నదానికి. వయసు, జీతం, ఇంకా ఎన్నేళ్ళు పనిచేసేవాడు, అందులో అతని సొంత ఖర్చు తీసివేత. ఈ భాష నాకు ఇట్టే ఎక్కింది. తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు. మనసులోనే గుణించాను. తొమ్మిది లక్షలు అందులో నాలుగో వంతుకు కూడా రాలేదు.

"అయితే తప్పు యజమానిదని మనం రుజువు చెయ్యాలి. పోయినవాళ్ళే బెల్టు కొక్కెం విప్పుకున్నారని తేలితే కేసు అక్కడే పడిపోతుంది" అని ఆమె ఒక జిరాక్సు కాగితం పైకెత్తింది. కాంట్రాక్టరు కోర్టులో దాఖలు చేసిన కాగితం అది. కింద నా సంతకం. ముగ్గురూ కొక్కేలు విప్పేశారని అందులో ఉంది. నేను అమ్మింది తమ్ముడి కేసొక్కటే అనుకున్నాను. మూడూ అమ్మేశాను.

చనిపోయిన రెండో అతని తల్లి నా వైపు తిరిగింది. "మా వాడి నడుముక్కూడా నువ్వే రేటు కట్టావా నాయనా? ఓ మాట చెప్పుంటే నా వాటాకి సంచీ తెచ్చుకునేదాన్నిగా."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

ఆ బిల్డింగు పనిలో లిఫ్టు ఆపరేటరు లేచి, ఆయనొక్కడే చూశాడా, మనకు కళ్ళు లేవా అన్నాడు. వెనక నుంచి మరొకడు, నేనూ సాక్ష్యం చెప్తా, పని పోతే నా ఇంటద్దె నువ్వు కడతావా అన్నాడు. అక్కడి నుంచి గంటసేపు తిట్టుకున్నారు; జరగమంటే నేను జరిగిన సంగతీ ఆ తిట్లలో బయటపడింది. చివరికి సాక్ష్యం చెప్తానని ఒక్కరూ అనలేదు.

మా మరదలు లేచింది. "ఆ డబ్బు కోర్టులో కట్టేద్దాం బావగారూ. సూపర్‌వైజరు జరగమంటే మీరు జరిగారని ఈ గదిలో అందరికీ తెలుసు. నాకు ఈరోజే తెలిసింది."

ఇది చదివే కూలీలకు, విద్యార్థులకు ఒక మాట చెప్పాలి. కాంట్రాక్టరు టీ తెప్పించే గదిలోకి ఒంటరిగా వెళ్ళకండి. ఎంత తెలివైనవాడైనా అక్కడ సరుకే అవుతాడు.

డబ్బు కోర్టులో జమ చేసి, కేసులో మేమూ కలిశాం. వేరే దిక్కులేక వకీలమ్మ నన్ను బోను ఎక్కించింది. కవర్లు చింపిన సంగతి చెప్పాను. అవతలి వకీలు నా సంతకం చూపించి, అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని అడిగాడు. అప్పుడే అబద్ధమన్నాను. డబ్బిస్తే అబద్ధమాడే మనిషన్నమాట అని జడ్జి గారికి నమస్కరించి కూర్చున్నాడు. ఆ రోజు టీ ముందు నేను ఆడిన బేరమంతా కాంట్రాక్టరు ఫోనులో రికార్డు చేసి ఉంచాడు. వ్యాపారిగా ఆ ఆలోచన ముందు నాకు రావలసింది. బెదిరించి డబ్బు గుంజానని ఫిర్యాదు ఇచ్చాడు. కోర్టు మెట్ల మీదే, కూలీలందరి ఎదుట, పోలీసులు నన్ను వ్యాను ఎక్కించారు. సూపర్‌వైజరు మెట్ల పక్కన నిలబడి వేరుసెనక్కాయలు తింటున్నాడు.

నాలుగోనాడు మరదలు జైలుకు వచ్చింది. ఊచలకు అవతల నిలబడి, కుశలమడగకుండా చెప్పింది. వ్యాను కదిలాక లిఫ్టు ఆపరేటరు తిన్నగా వకీలమ్మ దగ్గరికి వెళ్ళి వాంగ్మూలం రాసి ఇచ్చాడట. సాయంత్రానికి ఆరుగురు. మర్నాటికి పదిహేడు మంది. ఇంటద్దె సంగతి ఎత్తిన మనిషి ఆఖరువాడట. ఆ పదిహేడు మందినీ కాంట్రాక్టరు గేటు బయటికి నెట్టాడు. మిగతావాళ్ళు లోపలే కూర్చున్నారు, బెల్టులు వచ్చేదాకా ఒక్కరూ పైకెక్కడం లేదు. ఆ రెండో అతని తల్లి గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుంది.

నేను మళ్ళీ సాక్ష్యం చెప్తానన్నాను.

"వకీలమ్మ వద్దన్నారు బావగారూ. మీ మాట కలిపితే మిగతావి చెడతాయట."

బెయిలు సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది. సంఘంలో పోగైన డబ్బు ఆ పదిహేడు ఇళ్ళ పొయ్యిలకే సరిపోవడం లేదు.

ఆమె వెళ్ళాక లెక్క తేల్చాను. పరిహారం ఒక్క పైసా రాలేదు. కేసు నాలుగు నెలలకు వాయిదా. కొట్టుకు తాళం. రాబడి పదిహేడు సాక్ష్యాలు, నాది కలపకుండా.