గురువమ్మాళ్ కొట్టిన రివెట్లు

పొద్దున ఏడింటికి మిల్లు బస్సులు వెళ్ళిపోయాక అళగర్సామి కాఫీ కాచి, భార్య గురువమ్మాళ్‌కు ఒక లోటా ఇచ్చి, తన కాఫీ గిన్నెలోనే ఉంచి పేపరు పట్టుకుంటాడు. చివరి పేజీకి వచ్చినా కాఫీ చల్లారదు. ఆ గిన్నె పిడి గురువమ్మాళ్ రివెట్లు కొట్టి బిగించింది. ఆమె కొట్టిన రివెట్టు ఎప్పటికీ వెచ్చగానే ఉంటుంది. తమిళనాడు రాజపాళయంలో వాళ్ళ వీధివాళ్ళంతా ఏళ్ళ తరబడి కుక్కర్లూ క్యారియర్లూ ఆమె దగ్గరికే తెచ్చారు. చేతులు వణకడం మొదలయ్యాక, ఆరేళ్ళ కిందట, ఆమె సుత్తి ముట్టడం మానేసింది.

డెబ్బై ఒకటి యుద్ధంలో అళగర్సామి ఎయిర్‌ఫోర్సులో ఫిట్టరు, పంజాబులో. పెళ్ళయి ఏడాది. గురువమ్మాళ్ బెంగుళూరులో అన్న ఇంట్లో ఉంటూ విమానాల ఫ్యాక్టరీలో రెక్కలకు రివెట్లు కొట్టేది. ఆ డిసెంబరు చలికి పానాలు చేతికి అతుక్కుపోయేవి. ఒక విమానం ఎడమ రెక్క కింద మాత్రం జవాన్లు వంతులవారీగా నిలబడి అరచేతులు కాచుకునేవాళ్ళు. మొదటిసారి చెయ్యి ఆనించగానే అళగర్సామికి తెలిసిపోయింది, అది ఎవరి పనో. ఉత్తరాలు ఆఫీసర్లు విప్పి చదివేవారు, విమానాల గురించి ఒక్క ముక్క రాయకూడదు. అందుకని, "నాకు ఇక్కడ చలి లేదు" అని రాశాడు. ఆమెకు అర్థమైంది. ఉత్తరం అందిన మర్నాటి నుంచి ఇంకో గంట ఎక్కువ పనిచేసింది.

ఒక మధ్యాహ్నం ఆ విమానం చీలిన రెక్కతో దిగింది. గుండు తగిలి మొదలైన చీలిక ఆమె రివెట్ల వరుస దాకా వచ్చి ఆగిపోయింది. పైలట్ దిగి ఆ వరుస మీద చెయ్యి పెట్టి నిమిరి, అళగర్సామిని పిలిచాడు. "ఇది చేసినవాళ్ళు ఎవరో, నా తరఫున దండం పెట్టు" అన్నాడు. మూడు నెలల తర్వాత సెలవు దొరికినప్పుడు అళగర్సామి ఆ దండం మోసుకొచ్చి భార్యకు అప్పగించాడు. యుద్ధం అయ్యాక అతనికి పతకం వచ్చింది. ఆమెది టెంపరరీ ఉద్యోగం, చేసినట్టు ఒక కాగితం కూడా ఇవ్వలేదు.

ఈ మార్గళిలో, అంటే ధనుర్మాసపు నెలలో, వాన వదలకుండా కురుస్తున్న ఒక ఉదయం, పక్కింటి ధనం పరుగున వచ్చింది. వాళ్ళది బ్యాండేజీ గుడ్డ నేసే ఇల్లు. కోడలు జయప్రియకు ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టి, వారం కిందటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది.

"అక్కా, బిడ్డ కాళ్ళు చల్లబడతా ఉండాయి. రొమ్ము మీద వేసుకోమని డాక్టరమ్మ చెప్పింది, జయప్రియకేమో జొరం, ఒళ్ళంతా వణుకు. నేను ఎత్తుకున్నా వేడి చాల్లే. రోడ్డంతా నీళ్ళు. ఆంబులెన్సు చుట్టు తిరిగి రావాలంట, మూడు గంటలు అవుతాదంట."

నాలుగు రివెట్ల గిన్నె బిడ్డకు ఏ మూలకు? పరుపంత కావాలి. అళగర్సామి పెరట్లో ఉన్న అల్యూమినియం రేకులు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి బెజ్జాలు వేశాడు. గురువమ్మాళ్ తన చేతుల వంక చూసుకుంది.

"నా చెయ్యి నిలవదు మామా."

"నువ్వు కొట్టు. ఎనక దిమ్మ నేను పట్టుకుంటా."

రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి ఒకరు పట్టుకుంటే, ముందునుంచి ఇంకొకరు కొట్టాలి. ఫ్యాక్టరీలో ఆ దిమ్మ వేరే అమ్మాయి పట్టేది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి ఒక్క రివెట్టూ కొట్టింది లేదు. ఆమె రెక్కలు కట్టేది, అతను బాగుచేసేవాడు, అంతే.

మొదటిది వంగిపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి అతను ఒక చేత్తో దిమ్మ పట్టుకుని, రెండో చెయ్యి ఆమె మణికట్టు కింద పెట్టాడు. దెబ్బ సూటిగా పడింది. రివెట్టు వెచ్చబడింది.

ఇరవయ్యో రివెట్టు దగ్గర ఆమె ఊపిరి తీసుకుంటూ అంది. "ఎనక నువ్వు ఉండింటే నేను అప్పుడే ఇంకా బాగా కొట్టిందును."

"ఆ చలిలో నువ్వు కొట్టిందే నన్ను ప్రాణాలతో ఇంటికి తెచ్చింది" అన్నాడు అళగర్సామి. "నేను నీకు ఎప్పుడూ చెప్పలే."

"ఇప్పుడు చెప్పినావు కదా. దిమ్మ కొంజం పైకి పట్టు."

నలభై రెండు రివెట్లు. ధనం ఆ రేకు మీద బ్యాండేజీ గుడ్డ ఎనిమిది మడతలు పరిచి బిడ్డను పడుకోబెట్టింది. కొంతసేపటికి పాదాలు ఎర్రబడ్డాయి. తర్వాత బిడ్డ నోరు తెరిచి వీధంతా వినబడేలా ఏడ్చింది. జొరంతో పడుకున్న జయప్రియ ఆ ఏడుపు విని నవ్వింది. ఆంబులెన్సులో వచ్చిన నర్సు రేకును తడిమి చూసి, "దీన్ని కూడా ఎక్కించండి" అంది.

ఇరవై రోజుల తర్వాత రెండు కిలోల బిడ్డను ఎత్తుకుని జయప్రియ నేరుగా వీళ్ళింటికే వచ్చింది. బిడ్డను గురువమ్మాళ్ ఒళ్ళో పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. జయప్రియ వెనక ఆ ఆంబులెన్సు నర్సు కూడా ఉంది.

"అమ్మా, మా వార్డులో ఇట్లాంటి బిడ్డలు ఇంకా ఏడుగురు ఉండారు, వాళ్ళకీ రేకులు కావాల. కాగితం మీద మీ పేరు ఏమని రాసుకోవాల?"

గురువమ్మాళ్ మొగుడి వైపు చూసింది. అతను అప్పటికే దిమ్మ వెతకడానికి లేచాడు.

"రెండు పేర్లు రాసుకో తల్లీ" అంది.