మిగలాల్సిన ఐదు మాత్రలు

మేఘనా నది ఒడ్డు ఊళ్లన్నీ ఆపా, అంటే అక్క, అని పిలిచే మహ్మూదా పద్దెనిమిదేళ్లుగా కొత్త మందుల పరీక్షల కోసం ఇంటింటికీ మాత్రలు పంచి లెక్క చూస్తూ తిరుగుతోంది. ఈసారిది రక్తపోటు మాత్ర. నెల తిరగ్గానే, ఆ మాత్రలు తీసుకున్న తొఫజ్జల్ చాచా ఖాళీ సీసా తెచ్చి బల్లమీద టక్కున పెట్టాడు.

"ఒక్కటి మిగిలితే ఒట్టు!"

కొత్తగా వచ్చిన డాక్టర్ నవ్‌షీన్ మురిసిపోయి, మింగిన మాత్రల లెక్కలో 'నూటికి నూరు' అని రాయబోయింది. ఆపా ఆ చేయి పట్టుకుని ఆపింది.

"ముప్పై రోజులకు ముప్పై అయిదు పోసిచ్చాను చాచా. కావాలనే. రోజుకొకటి మింగితే అయిదు మిగలాలి. నా దగ్గరా నీ వేషాలు?"

చాచా గడ్డం గోక్కున్నాడు. "వడ్డించింది వదిలేస్తే ఇల్లాలు నొచ్చుకోదూ? నువ్విచ్చిన మందూ అంతేగా తల్లీ. మిగిలినవి పొద్దున్నే చెరువులో పారేశా."

"ఎన్ని?"

"పద్దెనిమిది."

నవ్‌షీన్ ముఖం వాడిపోయింది. "మన పరీక్ష పాడైనట్టేనా ఆపా?"

"మీరా నూరు వేసుంటే పాడయ్యేది; అన్నీ మింగినా రక్తపోటు దిగలేదనుకుని మోతాదు పెంచేసేవాళ్లు. ముప్పై అయిదులో పద్దెనిమిది చెరువు పాలైతే మింగింది పదిహేడు, ముప్పైకి పదిహేడని రాయండి," అంది ఆపా, చాచా జబ్బకు రక్తపోటు పట్టీ చుడుతూ. "రేపు ఈ మాత్ర మింగేవాళ్లను కాపాడేది ఆ పదిహేడే డాక్టరమ్మా, మీ నూరు కాదు."